పెద్ద ఇంజిన్ పెట్టాం... మెల్లగా వెళ్లడానికి!

జిప్సీకి ఇంజిన్ మార్చామని చెప్పగానే ఆఫీసులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే. "ఇప్పుడు ఎంత స్పీడ్ కొడుతుంది?"

"మనిషి నడక కంటే మెల్లగా" అంటే నవ్వేస్తారు. జోకేస్తున్నాననుకుంటారు. కానీ నిజం అదే. ఏడు నెలల శని, ఆదివారాలు ఆటోనగర్‌కి రాసిచ్చేసి, రెండు లక్షల పైచిలుకు ఖర్చుపెట్టి మేం సంపాదించింది ఆ మెల్లదనమే. ఇప్పుడు ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ మీద కాలు ఆనించీ ఆనించనట్టు ఉంచితే చాలు. మోకాలెత్తు రాళ్ల మీదుగా బండి తాబేలులా పాకుతూ పోతుంది. దాని విలువేంటో ఎడమ సీట్లో కూర్చునేవాడికి బాగా తెలుస్తుంది. ఆ ఎడమ సీటు నాది.

బండి మా బావది. మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. నూజివీడు దగ్గర మామిడి తోటలు చూసుకుంటాడు. ఆఫ్‌రోడ్ పోటీలంటే పిచ్చి. నేనేమో మెకానికల్‌లో బీటెక్ చేసి, క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ తీసుకుంటే హైదరాబాద్ వచ్చేసిన బోలెడుమందిలో ఒకణ్ని. పోటీల్లో బావ డ్రైవర్, నేను కో-డ్రైవర్ని.

గోవాలో 2014లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ వీడియోలు చూసినవాళ్లకి కో-డ్రైవర్ పనేంటో తెలిసే ఉంటుంది. దిగి ముందు దారి చూడాలి. వించ్ తాడు లాక్కెళ్లి చెట్టుకి కట్టాలి. బురదలో పడాలి, లేవాలి, మళ్లీ ఎక్కి కూర్చోవాలి. స్టీరింగ్ చేతిలో ఉండదు, బ్రేక్ కాలి కింద ఉండదు. బండికి ఏం జరిగినా మన ఒంటికే తగులుతుంది. అందుకే ఈ ఇంజిన్ మార్పిడిలో బావకి ఎంత పట్టింపు ఉందో నాకూ అంతే ఉంది.

సగం గట్టు మీద ఆగిపోతే

అసలు పాత ఇంజిన్‌తో వచ్చిన ఇబ్బందేంటో ముందు చెప్పాలి.

జిప్సీ 1985లో వచ్చినప్పుడు దాని ఇంజిన్ 970 సీసీ. 1996లో జిప్సీ కింగ్ పేరుతో 1298 సీసీ వచ్చింది. తర్వాత దానికే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి 80 హార్స్‌పవర్‌కి తెచ్చారు. బండి బరువు టన్నుకి అటూ ఇటూ. ఆ బరువుకి 80 గుర్రాలు తక్కువేం కాదు. హైవే మీద ఇంజిన్ అరుపు తప్ప పెద్ద బాధ లేదు. తంటా అంతా గట్టు ఎక్కేటప్పుడే.

ఈ ఇంజిన్ ఇచ్చే గరిష్ఠ టార్క్ 103 న్యూటన్ మీటర్లు. టార్క్ అంటే చక్రాన్ని మెలితిప్పే బలం. మన మెకానిక్‌లు పికప్ అంటారే, దాదాపు అదే. చిక్కేంటంటే, ఆ 103 దొరికేది 4500 ఆర్‌పీఎం దగ్గర. అంటే ఇంజిన్‌ని గట్టిగా అరిపిస్తే తప్ప బలమంతా బయటికి రాదు. అరిపిస్తే చక్రాలు జోరుగా తిరుగుతాయి. ఎర్రమట్టి గట్టు మీద చక్రం జోరుగా తిరిగిందా, పట్టు పోయి అక్కడే గుంత తవ్వుకుంటుంది. రాళ్ల మీదైతే బండి ఎగిరి పడుతుంది. పోనీ మెల్లగా పోదామని కాలు తీస్తే ఇంజిన్ ఆగిపోతుంది.

ఓసారి తోట వెనక గట్టు మీద, వాన వెలిసిన మర్నాడు, సరిగ్గా సగం ఎత్తులో అలాగే ఆగిపోయింది. ముందు అద్దంలోంచి చూస్తే నేల లేదు, మబ్బులే కనిపిస్తున్నాయి. ఇలాంటప్పుడు కంగారులో చాలామంది చేసే పని క్లచ్ నొక్కేసి వెనక్కి జారనివ్వడం. క్లచ్ నొక్కితే ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. ఇక టన్ను బరువుని ఆపాల్సింది బ్రేకే. ఇంజిన్ ఆగాక బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు సార్లు తొక్కేసరికి అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. జారుతున్న బండి అడ్డం తిరిగితే పల్టీనే.

బావకి పద్ధతి తెలుసు. బ్రేక్ మీద కాలు తియ్యకుండా తొక్కిపట్టి, రివర్స్ గేర్ వేసి, క్లచ్ పూర్తిగా వదిలేశాడు. ఇప్పుడు గేరే బండిని పట్టుకుని ఉంది. తర్వాత బ్రేక్ కొద్దికొద్దిగా వదులుతూ, క్లచ్ ముట్టుకోకుండా తాళం తిప్పాడు. సెల్ఫ్ బండిని గేర్‌లోనే వెనక్కి కదిలించింది, ఇంజిన్ అందుకుంది. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని ఎక్కిన దారినే దిగాం. మొత్తం కలిపి నిమిషం పట్టి ఉంటుందేమో. డ్యాష్‌బోర్డు మీది హ్యాండిల్ పట్టుకున్న నా వేళ్లు విప్పుకోడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

కింద దిగాక బావ బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఈ గుండెకాయ సరిపోదురా. మార్చేద్దాం" అన్నాడు.

బోరు ఒక్క మిల్లీమీటరే, కానీ...

పెద్ద ఇంజిన్ అనగానే బావ మనసు డీజిల్ మీదికి పోయింది. ట్రాక్టర్ల మధ్య పెరిగినవాడు మరి. కానీ డీజిల్ ఇంజిన్ బరువెక్కువ. ఆ బరువంతా ముందు ఇరుసు మీద పడుతుంది. బురదలో మూతి దిగబడే బండి మాకెందుకు?

చివరికి తేలింది బెలెనో ఇంజిన్. ఇప్పుడు రోడ్ల మీద కనిపించే హ్యాచ్‌బ్యాక్ కాదు. 1999లో వచ్చిన పాత సెడాన్. అందులో 1590 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉండేది. జిప్సీ 1.3, ఈ 1.6 రెండూ సుజుకీ జీ సిరీస్‌వే. ఒక ఇంట్లో అన్నదమ్ముల లాంటివి. గేర్‌బాక్స్‌ని పట్టుకునే బోల్టుల అమరిక కూడా కలుస్తుంది. అమెరికాలో జిప్సీ లాంటి సుజుకీ బండినే సమురాయ్ అనే పేరుతో అమ్మేవారు. అక్కడి ఆఫ్‌రోడ్ వాళ్లు ఆ బళ్లకి ఈ కుటుంబంలోని 1.6 ఇంజిన్‌నే ఏళ్ల తరబడి పెట్టుకుంటున్నారు. అంటే మేం కొత్తగా కనిపెట్టిందేం లేదు. తెలిసిన దారే.

నాకు నచ్చింది దాని లోపలి లెక్క. 1.3 ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 74 మిల్లీమీటర్లు. 1.6 ది 75. తేడా ఒక్క మిల్లీమీటరు. మరి దాదాపు 300 సీసీ ఎక్కడి నుంచి వచ్చింది? స్ట్రోక్ నుంచి. పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 1.3లో 75.5 మిల్లీమీటర్లు, 1.6లో 90. స్ట్రోక్ పెరిగిందంటే క్రాంక్ చెయ్యి పొడుగైనట్టు. జాకీ రాడ్ పొడుగుది దొరికితే బండి లేపడం ఎంత తేలికో, ఇదీ అంతే. టార్క్ సుమారు 130 న్యూటన్ మీటర్లకి పెరుగుతుంది. అంతకంటే ముఖ్యం, అది 3000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. అరవకుండానే బలం. మాకు కావాల్సింది సరిగ్గా ఇదే.

బోరు, స్ట్రోక్ గురించి సెకండియర్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నా. అవి చేత్తో పట్టుకుని చూసింది మాత్రం ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకి.

"ఇంజిన్ ఆఖర్న బాబూ"

విజయవాడ ఆటోనగర్ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. లేత్‌లు, వెల్డింగులు, కమాన్ కట్టలు, తుక్కు... బండికి సంబంధించి అక్కడ దొరకనిది వెతకాలి. 38 వేలకి బెలెనో ఇంజిన్, దాని వైరింగ్, ఈసీయూ కలిపి దొరికాయి. ఇంజిన్‌ని ఆటోలో వేసుకుని బావకి తెలిసిన మేస్త్రి గారి షెడ్డుకి తీసుకెళ్లాం. అరవై దాటిన మనిషి. పేరు రాయొద్దన్నారు కాబట్టి మేస్త్రి గారనే అంటాను.

ఆయన ఇంజిన్ వైపు చూడను కూడా లేదు. అట్టముక్క వేసుకుని జిప్సీ కిందికి దూరారు. పది నిమిషాల తర్వాత బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, "ఇంజిన్ ఆఖర్న పెడదాం బాబూ. ముందు బ్రేకులు చూద్దాం" అన్నారు.

బావ ముఖం వాడిపోయింది. కొత్త ఇంజిన్ పక్కనే పెట్టుకుని బ్రేకులు చేయించుకోవడం అంటే పెళ్లికెళ్లి మంచినీళ్లు తాగి రావడమే.

"ఎక్కేది ఇంజిన్ బలంతోనే, నిజమే. మరి దిగేదో? బలం పెరిగితే ఇంకా ఎత్తు ఎక్కుతారు. ఇంకా ఎత్తు నుంచి జారుతారు" అన్నారాయన.

అలా మొదటి నెలన్నర బ్రేకులకే పోయింది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, మాస్టర్ సిలిండర్, హోసులు అన్నీ కొత్తవి. ఇంజిన్ ఆగినా బూస్టర్‌కి మరికొన్ని తొక్కులు మిగిలేలా అదనంగా చిన్న వ్యాక్యూమ్ ట్యాంక్.

తర్వాత గేర్‌బాక్స్ మీద పంచాయితీ. బావకి ఏదైనా పెద్ద ఎస్‌యూవీ గేర్‌బాక్స్ తెచ్చి అడాప్టర్ ప్లేటుతో బిగించాలని ఉంది. బలమైన ఇంజిన్‌కి బలమైన గేర్‌బాక్స్, అంతే కదా?

జిప్సీలో గేర్‌బాక్స్ వేరు, ట్రాన్స్‌ఫర్ కేస్ వేరు. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే పెట్టె. మనం ఫోర్ వీల్ లో అని వేసేది అందులోనే. రెండింటి మధ్యా ఒక పొట్టి షాఫ్ట్ ఉంటుంది. పొడుగు గేర్‌బాక్స్ పెడితే ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక్కి జరగాలి. దాంతో వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టిదైపోయి, ఎక్కువ వంపులో తిరగాల్సి వస్తుంది. జిప్సీ వీల్‌బేసే 2375 మిల్లీమీటర్లు. అంత చిన్న బండిలో ఒక్క అంగుళం జరిగినా తేడానే.

మేస్త్రి గారి దారి వేరు. గేర్‌బాక్స్ పాతదే ఉంచి, లోపల బేరింగులు, సింక్రో రింగులు కొత్తవి వేయడం. క్లచ్ మాత్రం 1.6 ఇంజిన్‌కి తగ్గ పెద్దది. అసలు మార్పు ట్రాన్స్‌ఫర్ కేస్‌లో. అందులో లో రేంజ్ రేషియో కంపెనీ ఇచ్చింది 2.268. సమురాయ్ బళ్ల కోసం తయారయ్యే 4.16 గేర్ల సెట్ ఇందులోనూ పడుతుంది. అది తెప్పించమన్నారు.

ఎందుకో నాకు ఆ రాత్రి ఫోన్‌లో లెక్క వేస్తే గానీ అర్థం కాలేదు. మీరూ చూడండి. ఫస్ట్ గేర్ రేషియో 3.652.

పాత బండిలో: 103 × 3.652 × 2.268 = సుమారు 853 న్యూటన్ మీటర్లు.

కొత్త బండిలో: 130 × 3.652 × 4.16 = సుమారు 1975.

మధ్యలో రాపిడికి పోయేది వదిలేస్తే ఇదీ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి బయటికొచ్చే బలం. రెండింతల కంటే ఎక్కువ. కానీ గేర్‌బాక్స్ మీద పడే భారం చూడండి. 376 నుంచి 475కి, అంటే పావు వంతు పెరిగిందంతే. బలం గేర్‌బాక్స్ దాటాక పెరుగుతోంది కాబట్టి పాత గేర్‌బాక్స్ తట్టుకుంటుంది. నా ఆఫీసు భాషలో చెప్పాలంటే, లోడ్ అంతా సర్వర్ మీద పడకుండా తర్వాతి స్టేజీకి జరిపారు. ఆయన ఆ పని ఫోన్, క్యాలిక్యులేటర్ లేకుండా చేశారు.

ఏది విరగాలో మనమే చెప్పాలి

మరి ఆ రెండింతల బలం ఎక్కడికి పోతుంది? ప్రొపెల్లర్ షాఫ్టులకి, డిఫరెన్షియల్‌కి, ఇరుసులకి, ముందు చక్రాల దగ్గరుండే జాయింట్లకి. జిప్సీలో ముందు జాయింట్లు ముందే సున్నితం. స్టీరింగ్ పూర్తిగా తిప్పేసి, చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే టక్కున పోతాయి.

నేను వెంటనే, "అయితే అన్నీ గట్టివి వేసేద్దాం మేస్త్రి గారూ" అన్నాను.

"అన్నీ గట్టివి వేస్తే ఏది విరుగుతుందో మనకి తెలీదు బాబూ" అన్నారు. "బండి అన్నాక ఏదో ఒకటి పోవాలి. ఏది పోవాలో మనమే పెట్టుకోవాలి. చవగ్గా ఉండేది, చేతికి అందేది పోవాలి."

ఆయన ఎంచింది ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు. షాఫ్ట్ చివర్లలో ఉండే జమిలి కీలు లాంటి ముక్కలు. వాటిని కంపెనీవే ఉంచేశారు. ఇరుసులు, ముందు జాయింట్లు మాత్రం గట్టివి. ట్రాన్స్‌ఫర్ కేస్ పట్టుకునే మౌంట్లకి అదనపు ప్లేట్లు. క్రాస్ పోతే బండి కింద పడుకుని అరగంటలో మార్చుకోవచ్చు. గేర్‌బాక్స్ పోతే లారీ పిలవాలి. ఇరుసు పోతే చక్రం ఎటు పోతుందో చెప్పలేం. క్రాస్ విరిగినప్పుడు ఊడిన షాఫ్ట్ నేలని తన్ని బండిని ఎగరేయకుండా, దాని చుట్టూ ఇనుప కడియాలు కూడా కట్టారు.

ఇంట్లో ఫ్యూజు ఎందుకు పెడతాం? టీవీ కాలిపోకుండా తను కాలిపోవడానికి. క్రాసు కూడా అంతే. ఎత్తు మీద అది విరిగితే ఆ షాఫ్ట్ వైపు చక్రాలకి ఇంజిన్ పట్టు పోతుంది. అప్పుడు ఆదుకునేది బ్రేకే. మొదటి నెలన్నర బ్రేకులకే ఎందుకు పోయిందో నాకు అప్పుడు పూర్తిగా ఎక్కింది.

చాంబర్, వైర్లు, ఫ్యాను

బిగించడం అనుకున్నంత తేలిక కాదు. బెలెనోలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా. మౌంట్లు కొత్తవి కట్టాలి. ఆయిల్ చాంబర్ అలాగే పెడితే కిందున్న ముందు ఇరుసుకి తగులుతుంది. దాన్ని కోసి, ఆకారం మార్చి, మళ్లీ వెల్డింగ్ చేశారు. లోపల అడ్డుపలకలు పెట్టారు. నిట్టనిలువు గట్టు మీద ఆయిల్ అంతా ఒక మూలకి పోతే పంపు గాలి లాగుతుంది. ఆయిల్ అందని ఇంజిన్ ఎక్కువ సేపు బతకదు. వెల్డింగ్ అయ్యాక చాంబర్‌లో కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచారు. కింద కాగితం మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

వైరింగ్ నా వంతు. ఈ బండిలో నేను పూర్తిగా నా చేతులతో చేసిన పని అదే. శుక్రవారం రాత్రి బస్సెక్కడం, శనివారం పొద్దున్నే షెడ్డులో వైర్ల ముందు కూర్చోవడం. బెలెనో వైరింగ్‌లో ఒక్కో వైరుకీ స్టిక్కర్ అంటించి, మల్టీమీటర్‌తో ఒక్కోటీ సెన్సర్ దాకా చెక్ చేసి, అక్కర్లేనివి తీసేశా. పవర్ విండోలు, లోపలి లైట్ల వైర్లు తీసేసరికి మోపు సగమైంది. ఈసీయూని నీళ్లు తగలకుండా డ్యాష్‌బోర్డులో పైకి బిగించాం.

ఇంకో చిన్న సంగతి చెప్పాలి. మెల్లగా పోయే బండికి రేడియేటర్‌లోకి ఎదురుగాలి ఉండదు. అందుకే పెద్ద రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాను. వాగు దాటేటప్పుడు మాత్రం ఫ్యాను ఆగాలి. తిరుగుతున్న రెక్కలు నీళ్లని కోస్తూ ముందుకి వంగి రేడియేటర్‌కే తగలొచ్చు. దానికో స్విచ్ పెట్టి నా వైపు బిగించా. నీళ్లు కనపడగానే ఆపాల్సింది నేనే.

ఏడో నెలలో ఒక ఆదివారం సాయంత్రం మూడో సెల్ఫ్‌కి ఇంజిన్ అందుకుంది. మేస్త్రి గారు ఏమీ అనలేదు. బానెట్ మీద ఒక ఖాళీ టీ గ్లాసు పెట్టి, అది వణుకుతోందా అని చూశారు.

రోడ్డెక్కదు

ఇది చదివి సొంత బండికి పెద్ద ఇంజిన్ పెట్టించుకుందాం అనుకునేవాళ్లకి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని మార్పులు చేసిన ఓనర్‌కి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పైగా ఇలాంటి బండి రోడ్డు మీద ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ తప్పదు. నష్టపోయేది మనం ఒక్కళ్లమే కాదు, తగిలించుకున్నవాళ్లు కూడా.

అందుకే మా జిప్సీ రోడ్డెక్కదు. తోటలో తిరుగుతుంది. పోటీలకి లారీ మీద వెళ్లి, లారీ మీద వస్తుంది. పాత ఇంజిన్‌ని గ్రీజు పూసి, టార్పాలిన్ చుట్టి షెడ్డులో దాచాం. ఎప్పుడైనా బండి రోడ్డెక్కాలంటే ముందు అది తిరిగి లోపలికి వెళ్లాలి.

ఎడమ సీటు మాట

ఇంజిన్ స్టార్టయిన రోజే బావా నేనూ ఒక రూల్ పెట్టుకున్నాం. గట్టు చూసి కో-డ్రైవర్ వద్దంటే వద్దు. ఎందుకు అని అడగకూడదు. పాత ఇంజిన్ ఉన్నప్పుడు ఈ రూల్ అవసరం లేదు. ఎక్కలేని చోట బండే ఆగిపోయేది. ఇప్పుడు బండి ఆగదు. కాబట్టి ఆగమనే మనిషి కావాలి.

మొన్న వానాకాలం ఒక పోటీలో ఆ రూల్‌కి పరీక్ష వచ్చింది. మొదటి రెండు స్టేజీలు జిప్సీ పాకుతూ పోయింది. రాళ్ల మీద ఒక్కసారి కూడా చక్రం జారలేదు. ఒక వెనక క్రాస్ పోయింది, మేస్త్రి గారు చెప్పినట్టే. ఇరవై ఎనిమిది నిమిషాల్లో మార్చాం. నేనే కింద పడుకున్నా. బావ ఫోన్‌లో టైమ్ చూస్తూ నిలబడ్డాడు.

మూడోది పక్కవాటు గట్టు. ఎడమకి వాలి ఉంది. తడిసిన బంకమట్టి. కుడి చక్రం ఎక్కాల్సిన బండ మీద అప్పటికే బురద పూసుకుని ఉంది. దిగి నడిచా. నడుస్తుంటే నా బూటే జారింది. జారితే బండి పడేది నా వైపుకి, కింద ఎనిమిది అడుగుల గుంత. వించ్ కట్టడానికి పైన చెట్టు ఉంది గానీ, తాడు లాగే దారి కూడా అడ్డంగానే ఉంది. లాగితే బండి ఇంకా వాలుతుంది.

వెనక్కొచ్చి, "వద్దు బావా" అన్నాను.

బావ నా వైపు చూశాడు. గట్టు వైపు చూశాడు. ఇంజిన్ మెల్లగా, నిండుగా తిరుగుతోంది. రెండు లక్షలు పెట్టి ఇలాంటి గట్టు కోసమే కదా చేయించాం అని ఆయన ముఖం మీద రాసి ఉంది. చుట్టూ జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఎవరో ఈల వేశారు. బావ ఏమీ అడగలేదు. రివర్స్ వేసి పక్కకి తీశాడు. ఆ స్టేజీకి మాకు సున్నా.

మా తర్వాత వచ్చిన బండి ఎక్కేసింది. అది మాకంటే పొడుగు బండి, వెడల్పు కూడా. అయినా ఎక్కేసింది, జనం చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం భోజనాల దాకా బావ నాతో మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. ఆ గట్టు మేమూ ఎక్కేవాళ్లమేమో. పది సార్లలో తొమ్మిది సార్లు ఎక్కుతామేమో. ఆ పదోసారి ఎటు పడతామో చూసి చెప్పడం వరకే నా పని.

సాయంత్రం బండిని లారీ ఎక్కించి తాళ్లు బిగిస్తున్నప్పుడు బావ నోరు విప్పాడు.

"క్రాసులు ఇంకో రెండు జతలు తెప్పించాలిరా. నువ్వు మాత్రం ఒక్కడివే ఉన్నావ్."

అంతే అన్నాడు. నేను అవతలి వైపు తాడు లాగి ముడి వేశా.